నీళ్లు తాగనివ్వని పని

మదనపల్లెలో చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. అంతకుముందు కుప్పంలో, పుంగనూరులో ఇదే పని చేశాను. రక్తం, మూత్రం, కఫం పరీక్షలు చేసి కాగితం మీద అంకెలు వేసివ్వడం వరకే మా బాధ్యత. మందు రాయడం డాక్టరు పని. కానీ మైక్రోస్కోపు ముందు ఏళ్ల తరబడి కూర్చున్న మనిషికి ఊరి సంగతి కొంత తెలుస్తుంది. ఏ వీధిలో కామెర్లు మొదలయ్యాయో, ఏ వారం డెంగీ ముదిరిందో మిగతా ఊరికంటే ఒక రోజు ముందే మాకు తెలుస్తుంది. అలా తెలిసిన సంగతే ఒకటి చాలా కాలంగా మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను. మన ఊళ్లలో పనికి పోయే ఆడవాళ్లు నీళ్లు తాగడం లేదు.

ఒంట్లో నీరు చాలినంత ఉన్న మనిషి మూత్రం లేత పసుపు రంగులో ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక, పని ముగించుకుని మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు ఇచ్చే సీసాల్లో ఉండేది టీ డికాషన్ రంగు. అదీ సీసా అడుగున రెండు వేళ్ల ఎత్తు కూడా ఉండదు. స్ట్రిప్ ముంచితే స్పెసిఫిక్ గ్రావిటీ గడి 1.030 దగ్గరికి పోయి ఆగుతుంది. ఆ స్ట్రిప్ చూపగలిగే చివరి అంకె అదే. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగుకు దిగిన దాంట్లో ఒక చుక్క స్లయిడు మీద వేసి చూస్తే చీముకణాలు. ఐదు లోపు ఉండాల్సినవి ఫీల్డు నిండా పరుచుకుని ఉంటే లెక్క మానేసి ‘ప్లెంటీ’ అని రాస్తాం. వారంలో ఎన్నిసార్లు ఆ మాట రాస్తుంటానో!

రిపోర్టు చేతికిచ్చేటప్పుడు అడుగుతాను, “పగలు నీళ్లు తాగవా పాపా?” అని.

“తాగితే యాడికి పోవల్ల మేడమ్?”

కుప్పంలో విన్నాను ఈ జవాబు, పుంగనూరులో విన్నాను, ఇక్కడా వింటున్నాను. బట్టల షాపులో నిలబడే పిల్ల చెప్పింది, మండీలో టమోటా ఏరే ఆమె చెప్పింది, బీఈడీ చదివిన టీచరమ్మ చెప్పింది. చదువు మారింది, జీతం మారింది, జవాబు మారలేదు.

ఉద్యోగుల ఆరోగ్యం, సంక్షేమం అనే మాటలు ఈమధ్య బాగా వినబడుతున్నాయి. కంపెనీలు యోగా నేర్పిస్తున్నాయి, ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో చెప్పడానికి నిపుణుల్ని పిలిపిస్తున్నాయి, ఏడాదికోసారి ఉచిత పరీక్షలు పెట్టిస్తున్నాయి. అవన్నీ మంచివే, పెట్టనివ్వండి. కానీ ఒక పనిచోటు ఆరోగ్యంగా ఉందో లేదో చెప్పమంటే నేను చూసేది ఒక్కటే. అక్కడ పనిచేసే ఆడమనిషి దాహమేసినప్పుడు భయపడకుండా గ్లాసెడు నీళ్లు తాగగలదా? తాగగలిగితే అక్కడ మరుగుదొడ్డి ఉన్నట్టు, దానికి గడియ ఉన్నట్టు, లోపల నీళ్లున్నట్టు, లేచి పోతే ఎవరూ మాట అనరన్నట్టు. తాగలేకపోతే గోడ మీద ఎన్ని సర్టిఫికెట్లు వేలాడినా అది జబ్బు చేసే చోటే.

ఒక ఉచిత ఆరోగ్య శిబిరం గురించి చెప్పాలి. ఊరి పేరు, యజమాని పేరు చెప్పను. బట్టలు కుట్టే యూనిట్ అది, అందులో కుట్టేవాళ్లంతా ఆడవాళ్లే. యాజమాన్యం వాళ్లే పిలిచారు. బీపీ, షుగరు, హిమోగ్లోబిన్, మూత్ర పరీక్ష, అన్నీ ఉచితం. షామియానా వేశారు, బ్యానరు కట్టారు, మాకు ఇడ్లీ, వడ పెట్టారు. తొమ్మిదికల్లా బల్ల మీద సీసాలు పేర్చి, పేర్లు రాసి, ఒక్కొక్కరికి అందిస్తున్నాం. తీసుకున్నవాళ్లు తీసుకున్నట్టే పక్కకు పోయి గుంపుగా నిలబడిపోయారు. ఎవరూ తిరిగి రారు. చీర కొంగు కింద, చున్నీ కింద సీసా దాచుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఏమైందని మా అసిస్టెంట్ పిల్లను పంపితే వచ్చి నా చెవిలో చెప్పింది. మరుగుదొడ్లు రెండున్నాయి. ఒకదాంట్లో అట్టపెట్టెలు పైదాకా పేర్చి ఉన్నాయి. రెండోదానికి లోపలి గడియ ఊడిపోయింది, కొళాయిలో నీళ్లు రావు. మగ మెకానిక్‌లు తిరిగే దారి పక్కనే అది. వాళ్లలో పెద్దామె ఒకామె వచ్చి, “ఇంటికి పోయి రేప్పొద్దున పోసి తెస్తాం మేడమ్, ఏమనుకోవద్దు” అంది. తప్పు తనది అయినట్టు, ఆ మాట అనడానికి ఎంత నలిగిపోయిందో!

మూత్ర పరీక్ష చేస్తామని వచ్చాం, ఆ చోట మూత్రం పోసుకోవడానికి చోటు లేదు. ఎనిమిది తొమ్మిది గంటల డ్యూటీ ఎలా గడుపుతున్నారమ్మా అని అడిగితే, పొద్దున కాఫీ మానేశామన్నారు, మధ్యాహ్నం అన్నంలో చారు కాకుండా గట్టి కూర తెచ్చుకుంటామన్నారు, నోరెండితే ఆకువక్క వేసుకుంటామన్నారు. ఇన్ని ఉపాయాలు ఒకరికొకరు నేర్పించుకున్నారు. కొత్తగా చేరిన పిల్లకు మిషను నేర్పడంతోపాటు దాహం ఓర్చుకోవడం కూడా నేర్పుతున్నారు.

యజమాని చెడ్డ మనిషి కాదు. మా బిల్లు బేరమాడకుండా కట్టాడు. నేను పక్కకు పిలిచి చెప్పేసరికి ముఖం ఎర్రబడింది. “నాకెవరూ చెప్పలేదు మేడమ్” అన్నాడు. నిజమే అయ్యుంటుంది. సూపర్‌వైజరు మగవాడు, మేనేజరు మగవాడు. ఆడపిల్ల పోయి వాళ్లతో ఈ మాట చెబుతుందా? ఆ మధ్యాహ్నమే అట్టపెట్టెలు బయటికి వచ్చాయి, వడ్రంగి వచ్చి గడియ బిగించాడు, ప్లంబరు కొళాయి మార్చాడు. ఒక పూట పని. శిబిరానికి ఆయన పెట్టిన ఖర్చులో ఇది చిన్న వంతు కూడా కాదు.

మూత్రంలో చీము కనబడిన ప్రతి ఆడమనిషికీ కారణం ఇదేనని నేననను. షుగరు ఉన్నా వస్తుంది, గర్భం వచ్చినప్పుడు వస్తుంది, నెలసరి ఆగిపోయే వయసులో వస్తుంది, రాయి ఉన్నా వస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు మూత్రనాళం పొట్టి కాబట్టి క్రిములు తేలిగ్గా లోపలికి పోతాయి. కానీ నీళ్ల సంగతి ఊహ కాదు. మాటిమాటికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టును రోజూ తాగేదానికంటే ఒకటిన్నర లీటర్లు ఎక్కువ తాగమన్నారు. ఏడాది తిరిగేసరికి నీళ్లు ఎక్కువ తాగినవాళ్లలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి పడిపోయాయి. సగటున మూడు చిల్లర చోట ఒకటిన్నర చిల్లర. 2018లో అమెరికా వైద్య పత్రికలో అచ్చయిన అధ్యయనం ఇది. మందు కాదు, మాత్ర కాదు, నీళ్లు.

మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. మంట పుడితే మెడికల్ షాపుకు పోయి నాలుగు మాత్రలు కొనుక్కుంటారు. రెండు వేసుకునేసరికి తగ్గుతుంది, మిగతా రెండూ దాచుకుంటారు. నెల తిరిగేసరికి మళ్లీ మంట. కల్చర్ ప్లేటు చూస్తే నాకు భయమేస్తుంది. క్రిమిని ప్లేటు మీద పెంచి, దాని మీద ఒక్కో యాంటీబయాటిక్ పూసిన చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిమి పెరగక గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. ఒకప్పుడు నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్లల చుట్టూ మంచి వెడల్పు ఖాళీలు కనబడేవి. ఇప్పుడు చాలా ప్లేట్లలో క్రిమి వచ్చి బిళ్ల అంచును తాకుతోంది. అంటే ఆ మనిషికి ఇక ఆ మాత్ర పనిచేయదు, ఒక్కోసారి ఖరీదైన ఇంజెక్షన్ల దాకా పోవాలి. షాపులో ఒక గడియ బిగించకపోవడానికీ ఈ ప్లేటుకూ మధ్య ఉన్న దారి నాకు స్పష్టంగా కనిపిస్తోంది.

పుంగనూరు అంటే అందరికీ పొట్టి ఆవులు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఒక టీచరమ్మ గుర్తొస్తుంది. ప్రైవేటు స్కూలు. పొద్దున ఎనిమిదిన్నరకు మొదలైతే వరుసగా పీరియడ్లు, ఇంటర్వెల్‌లో పిల్లల కాపలా, మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా పిల్లల కాపలా. టీచర్లకు వేరే మరుగుదొడ్డి లేదు. పిల్లలదే వాడుకోవాలి, అదీ ఇంటర్వెల్‌లో పిల్లల వరుస వెనకాల నిలబడి. ఆమెకు ఏడో నెల. చలిజ్వరం, నడుము నొప్పితో వచ్చింది. నిలబడితే వణుకుతోంది. స్లయిడు చూడగానే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా ఎక్కింది. ఆస్పత్రిలో చేర్చారు. బిడ్డ నెలలు నిండకముందే తక్కువ బరువుతో పుట్టింది. దానికి ఇదొక్కటే కారణమని చెప్పే చదువు నాకు లేదు. అయితే గర్భిణికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి ముదిరితే కాన్పు ముందుకు జరిగే ప్రమాదం ఉందని వైద్య పుస్తకాలన్నీ చెబుతాయి. అందుకే గర్భం అని తెలియగానే చేసే పరీక్షల్లో మూత్ర పరీక్ష తప్పనిసరి. ఆమె ఆస్పత్రి మంచం మీద పడుకుని నాతో అన్న మాట: “ముప్పై మంది పిల్లల్ని వదిలేసి ఎట్ల పోయేది అక్కా, ఆ ఐదు నిమిషాల్లో ఎవరైనా కిందపడితే?” ఆ ఐదు నిమిషాలు క్లాసు చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టే బాధ్యత స్కూలుది. ఆమెది కాదు.

ఇక టమోటా సంగతి. 2023 జులైలో కిలో ధర వంద దాటి పోయినప్పుడు దేశం కెమెరాలన్నీ మా మదనపల్లెలో టమోటా మార్కెట్ ఉన్న నీరుగట్టువారిపల్లెకు వచ్చాయి. ఏ రైతు ఎంత సంపాదించాడో, ఏ లారీ ఏ రాష్ట్రానికి పోయిందో అన్నీ చూపించారు. మండీల్లో కాయ ఏరి, సైజు చూసి, పండు వేరు, దోర వేరు చేసి క్రేట్లకెత్తే ఆడవాళ్లు ఆ వీడియోల్లో వెనకాల కనబడుతూనే ఉన్నారు. వాళ్లను ఎవరైనా ఏమైనా అడిగినట్టు నాకు గుర్తు లేదు. తెల్లారకముందే వచ్చి సరుకు అయిపోయేదాకా గొంతుక్కూర్చునే పని. ఇలాంటి చోట మరుగుదొడ్డి ఉందా అన్నది సగం ప్రశ్నే. క్రేటు లెక్కన కూలి వచ్చేటప్పుడు, లేచి పోయి వచ్చే పది నిమిషాలకు కూలి ఎవరిస్తారన్నది మిగతా సగం. ఎవరూ ఇవ్వకపోతే ఆమె లేవదు, లేవకూడదనుకుంటే తాగదు. చుట్టూ గుట్టలు గుట్టలుగా నీరు నిండిన కాయలు, మధ్యలో పెదవులు ఎండిన మనిషి.

అదే మండీలో హమాలీలు మగవాళ్లు కాబట్టి గోడ వెతుక్కుంటారు. వాళ్ల బాధలు వేరు, నడుములు, మోకాళ్లు, కిడ్నీల్లో రాళ్లు.

అదే నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసే ఇళ్లున్నాయి. మగ్గం ఇంట్లోనే, పనిచోటూ ఇల్లే. వాళ్లకు నడుము నొప్పి, చూపు మందగించడం ఎక్కువ. గుంట మగ్గంలో కాళ్లు దింపుకుని పొద్దస్తమానం కూర్చుంటే రాక ఏమవుతుంది. కానీ నేను మాట్లాడుతున్న ఈ ఒక్క విషయంలో నేతపని చేసే ఆడవాళ్ల రిపోర్టులు షాపుల ఆడవాళ్ల రిపోర్టులకంటే మెరుగ్గా ఉంటాయి. నీళ్ల బిందె పక్కనే ఉంటుంది, లేవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. ఇది నా అనుభవమే కావచ్చు, కానీ నా నమ్మకం గట్టిపడింది ఇక్కడే.

మనది చల్లటి ప్రాంతం, ఇక్కడ అంత దాహం వెయ్యదు అనేవాళ్లున్నారు. మదనపల్లె రెండు వేల అడుగులకు పైన ఉంది, నిజమే. ఆ గాలి చూసే 1915లో ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం తెరిచారు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపాడు. స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులు లేని ఆ రోజుల్లో రోగికి ఇచ్చిన చికిత్స విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి. దేశం నలుమూలల నుంచీ రోగులు ఆ విశ్రాంతి కోసం ఇక్కడికి వచ్చారు. ఒళ్లు అలసిపోతే జబ్బు ముదురుతుందని నూరేళ్లకు పైగా తెలిసిన ఊరు ఇది. ఇక చల్లదనం మాట: చలికాలంలో దాహం తెలియదు కాబట్టి ఇంకా తక్కువ తాగుతారు. డిసెంబరు, జనవరి నెలల్లో మా దగ్గర సీసాల రంగు మే నెలకంటే మెరుగ్గా ఏమీ ఉండదు.

కుప్పం కథ మరో రకం. అక్కడ పనిచేసిన రోజుల్లో ఆదివారం సాయంత్రాలే మాకు ఎక్కువ రద్దీ. మిగతా ఆరు రోజులు ఫ్యాక్టరీ పనికి పోయే ఆడవాళ్లకు తీరిక ఉండదు. కోడి కూయకముందే లేచి, అన్నం కట్టుకుని, గుడుపల్లె, బిసానత్తం, బంగారుపేట మీదుగా బెంగళూరు వైపు పోయే రైలు ఎక్కుతారు. పోను నూరు కిలోమీటర్లు, రాను నూరు కిలోమీటర్లు. రైలు కిక్కిరిసి ఉంటుంది. తలుపు దగ్గర నిలబడ్డ ఆడపిల్ల మరుగుదొడ్డి దాకా నడిచి పోవడం కుదరదు, పోయి వచ్చేసరికి నిలబడే చోటు కూడా పోతుంది. కాబట్టి రాత్రి తాగిన నీళ్లే చివరివి. ఫ్యాక్టరీలో ఎంత మంచి వసతి ఉన్నా దానికి ముందు మూడు గంటలు, వెనక మూడు గంటలు ఎండిపోయిన ఒంటితోనే గడుస్తాయి. 2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం పనిచేసే ఆడవాళ్లకు నెలసరి సెలవు నెలకు ఒక రోజు, జీతంతో ఇవ్వాలని ఆమోదించింది. సంతోషించాను. మిగతా రోజుల ప్రయాణం గురించి కూడా ఏ మంత్రివర్గమైనా కూర్చుని మాట్లాడితే ఇంకా సంతోషిస్తాను. పనివాళ్ల రైళ్లకు రెండు పెట్టెలు పెంచడం కూడా ఆరోగ్య పథకమే.

ఇదంతా చట్టం లేక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే తాగునీరు ఎక్కడ పెట్టాలో, మరుగుదొడ్డికి ఆ నీళ్లు ఎంత దూరంలో ఉండాలో కూడా రాసింది. ఆరు మీటర్లు. ‘తాగునీరు’ అని పనివాళ్లకు అర్థమయ్యే భాషలో రాసిపెట్టమంది. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరు వేరు మరుగుదొడ్లు ఉండాలంది. ప్రతి 25 మంది ఆడవాళ్లకు ఒకటి తక్కువ కాకుండా ఉండాలని ఆ చట్టం కింది నిబంధనలు చెప్పాయి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో ఒకటైన భద్రత, ఆరోగ్య కోడ్ కూడా తాగునీరు, మరుగుదొడ్డి, నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు యజమాని బాధ్యతే అంటుంది. నలభై దాటిన పనివాళ్లకు ఏడాదికోసారి ఉచిత పరీక్ష చేయించాలంటుంది. మరి ఆ పరీక్షకు సీసా పట్టుకుని ఎక్కడికి పోవాలి? పైగా పది మంది కంటే తక్కువ ఉన్న షాపుల్లో ఈ మాట ఎవరికి చెప్పుకోవాలి? మన బజార్లలో ఫ్యాన్సీ షాపుల్లో, మెడికల్ షాపుల్లో, మొబైల్ షాపుల్లో ఉండేది నలుగురైదుగురే.

ఇదే 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచింది. విరామం ఇవ్వకుండా చేయించగల పనిని 5 గంటల నుంచి 6 గంటలు చేసింది. పెట్టుబడులు రావాలన్నారు. రావాల్సిందే, మా పిల్లలు తెల్లారుజామున రైళ్లెక్కే బాధ తప్పాల్సిందే. కానీ ఒక ల్యాబ్ మనిషిగా చెబుతున్నాను, మూత్రాశయం పట్టేది నాలుగైదు వందల మిల్లీలీటర్లు. సరిగా నీళ్లు తాగే మనిషి మూడు నాలుగు గంటలకోసారి లేవాలి. ఆరు గంటలు లేవకుండా పనిచేయాలంటే తాగకుండా ఉండడం ఒక్కటే దారి. చట్టంలో ఆరు అని రాసినవాళ్లు ఆ ఆరు గంటల మధ్యలో పది నిమిషాల విడుపు ఒకటి, కూలి కోయకుండా, రాసి ఉండాల్సింది. ఇప్పటికైనా రాయాలి.

కేరళలో మరుగుదొడ్డి కోసం పోరాటం ఎక్కడ మొదలైందో మనవాళ్లు తెలుసుకోవాలి. కోళికోడ్ మిఠాయి వీధి షాపుల్లో పనిచేసే ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండేది కాదు. అడిగితే నీళ్లు తాగకుండా ఉండండి అనేవారు. పి. విజి అనే దర్జీ వాళ్లను కూడగట్టి ‘పెణ్‌కూట్టు’ అనే సంఘం పెట్టింది. ముందు మరుగుదొడ్డి అడిగారు, తర్వాత కుర్చీ అడిగారు. కూర్చునే హక్కు కోసం వస్త్ర దుకాణాల ఆడవాళ్లు సమ్మె చేశారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పని మధ్యలో కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు అదే దారిలో నడిచింది. కుప్పం నుంచి కొన్ని కిలోమీటర్లు పోతే తమిళనాడే. కేరళలో ఆ చట్టం తెచ్చింది పెద్ద నాయకులు కాదు, మన షాపుల్లో చీర మడతపెట్టే ఆడపిల్లల్లాంటి ఆడపిల్లలే.

యజమానులతో మాట్లాడినప్పుడు నాకు ఎక్కువగా వినిపించే మాట, “ఊరికే లేచి పోతుంటే కస్టమర్లను ఎవరు చూసుకుంటారు మేడమ్?” అని. రెండో మాట, “కట్టిస్తే కడిగేవాళ్లు దొరకరు.” రెండోదానికి జవాబు తేలికే. కడిగే మనిషికి గౌరవమైన జీతం ఇస్తే దొరుకుతారు. నాలుగు షాపులు కలిసి ఒకరిని పెట్టుకోవచ్చు, మున్సిపాలిటీ బజారుకొకటి ఆడవాళ్ల మరుగుదొడ్డి కట్టి, షాపుల దగ్గర నెలనెలా రుసుము తీసుకోవచ్చు. మొదటిదానికి మాత్రం లెక్క చూపిస్తాను. ఇన్ఫెక్షన్ ముదిరిన పిల్ల వారం రోజులు రాదు. వచ్చినా నిలబడలేదు. ఆమెకు ఆ వారం జీతం పోతుంది, మీకు పని తెలిసిన మనిషి పోతుంది. పది మంది లేదా అంతకు మించి ఉన్న చోట ఈఎస్ఐ బీమా కట్టి ఉంటే జబ్బు పడ్డ రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా ఆమెకు వస్తుంది. పది వేల జీతానికి ఉద్యోగి వాటా 75 రూపాయలు, యజమాని వాటా 325. మా ల్యాబ్‌కు వచ్చే షాపు ఆడవాళ్లను ఈఎస్ఐ కార్డు ఉందా అని అడిగితే అదేమిటని నన్నే ఎదురు అడుగుతారు. మాటిమాటికి కల్చర్‌కు వందలు, మందులకు వందలు వాళ్లు తమ జీతంలోంచి తీసి పెడుతున్నారు.

అమ్మానాన్నలకు, అత్తమామలకు కూడా ఒక మాట. ఆడపిల్ల మంట అని చెబితే పెళ్లి, కాపురం మాటలు తీసి సిగ్గుపడేలా చేయకండి. పగలు ఎన్నిసార్లు లేచి పోయావు, ఎంత తాగావు అని అడగండి. పెళ్లి కాని పిల్లలు ఈ ఒక్క భయంతోనే నెలల తరబడి దాచుకుని, జ్వరం వచ్చాక మా దగ్గరికి వస్తున్నారు.

ఈ పత్రిక చదివేవాళ్లలో షాపు యజమానులుంటారు, మండీ వాళ్లుంటారు, స్కూళ్లు నడిపేవాళ్లుంటారు. ఈ రోజు మీ దగ్గర పనిచేసే ఆడవాళ్లు వాడే మరుగుదొడ్డి తలుపు మీరే తీసి చూడండి. లోపల గడియ వేసి చూడండి, కొళాయి తిప్పి చూడండి. ఆ తర్వాత వాళ్ల ముందే చెప్పండి, ఎప్పుడైనా లేచి పోవచ్చని, దానికి ఎవరినీ అడగక్కర్లేదని. యజమాని నోట ఆ మాట రాకపోతే ఎంత మంచి గది కట్టినా వాళ్లు వాడరు. యజమానులు కాని మిగతా పాఠకులు ఈ పండక్కి బట్టలు కొనడానికి పోయినప్పుడు, బిల్లు కట్టే ముందు కౌంటరులో ఉన్నాయన్ను ఒక్క మాట అడగండి: “మీ దగ్గర పనిచేసే ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎక్కడుంది?” ఒకరు అడిగితే ఆయన నవ్వి ఊరుకుంటాడు. రోజుకు పది మంది అడిగితే కట్టిస్తాడు.